ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, వారి రామదండు

రజతోత్సవ సంచికలో గ్రంథాలయ చరిత్ర యుండుట సహజము; దాతల నామావళి యుండుట ధర్మము. వానితోపాటు మన యువజనులు చదివి తలపోయదగిన యొక జీవిత చరిత్రము కూడ ఉండుట ఉచితమని యెంచి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి కథను ఇచట సంగ్రహముగా విన్నవించుచున్నాను. వారి పేరు వినని తెలుగువారు అరుదు. కాని వారు యువకులను ఎట్లు కూడగట్టిరో, ఆ కూడగట్టుట వలన దేశమునకు ఏమి మేలు కలిగెనో తెలిసినవారు నేడు కొలదిమందియే.

మన ప్రాంతమువారికి కంభము చెరువు సంగతి చెప్పనక్కరలేదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కొండల నడుమనుండి పరుగెత్తి వచ్చుచుండగా, విజయనగర రాజుల కాలమున రెండు కొండలకు నడుమ కట్ట వేసి ఆ నీటిని నిలిపిరి. కట్ట లేనిచో వానకాలపు నీరు వరదయై పొలములను కోసివేయును. కట్ట ఉన్నచో ఆ నీరే మళ్లను పండించును. నీటి బలము రెండు చోట్లను ఒక్కటియే. యౌవనము కూడ అట్టిదే. యువకుల ఉత్సాహమునకు నియమమను కట్ట ఉన్ననాడు రాజకీయములు నిలకడగా సాగును. లేనినాడు ఊళ్లు రెండుగా చీలును, ఇండ్లు తగులబడును. ఆ కట్టను వేయుటకు పూనుకొనిన తెలుగువారిలో గోపాలకృష్ణయ్యగారు అగ్రగణ్యులు.

వారి కర్మక్షేత్రము చీరాల. ఆ దినములలో చీరాల గుంటూరు జిల్లాలోను, మన గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. 1970వ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు ఇవి యన్నియు ఒక్క గొడుగు క్రిందికి వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశముగారి పేరు పెట్టిరి. 2022లో చీరాల బాపట్ల జిల్లాలో చేరినది. కావున ఇది పరాయి ఊరి కథయని యెవ్వరును అనుకొనరాదు. ఏబది యేండ్లకు పైగా మనతో ఒక జిల్లాగా బ్రతికిన ఊరి కథ.

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూను 2వ తేదీన, నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కోదండరామస్వామిగారు ఉపాధ్యాయులు. తల్లి సీతమ్మగారు. బిడ్డ పుట్టిన మూడవనాడే తల్లి గతించెను. మూడేండ్ల వయస్సున తండ్రియు కాలధర్మము నొందిరి. నాయనమ్మయు పినతండ్రియు ఆ బాలుని పెంచి పెద్దచేసిరి. తల్లి ఒడి యెరుగని ఆ బిడ్డ బడిలో చురుకుగా నుండెను. అయినను పాఠముకంటె పాటయందును, నాటకమునందును మనసు మెండుగా లగ్నమై యుండెడిది. కూచిపూడిలోను, గుంటూరులోను చదువు సాగెను. పిదప బాపట్ల తాలూకా కచ్చేరిలో కొంతకాలము చిన్న ఉద్యోగము చేసిరి. కాగితముల నడుమ కూర్చుండి జీవితము గడపుట వారికి సరిపడలేదు.

1911వ సంవత్సరమున తమ మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కూడి వారు సముద్రము దాటి స్కాట్లండు దేశమునకు పోయిరి. అచ్చటి ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ కాలమున సీమకు పోయిన మనవారిలో పలువురు అచ్చటి వేషమును, అచ్చటి మాటను తెచ్చుకొనుటయే ఘనతగా భావించుచుండిరి. గోపాలకృష్ణయ్యగారి విషయమున దీనికి విపర్యయముగా జరిగెను. సింహళదేశీయుడును, భారతీయ కళలయందు మహా పండితుడును అగు ఆనంద కుమారస్వామిగారి స్నేహము వారికి ఆ దేశమున లభించెను. ఇరువురును కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణమును ఆంగ్లములోనికి అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడెను. స్వదేశపు విద్యలయందు వారికి గల గౌరవము పరదేశమున ఇనుమడించి, వారు మరలి వచ్చునాటికి దృఢమైన నమ్మకమయ్యెను.

తిరిగి వచ్చిన పిదప రాజమహేంద్రవరమున కొంతకాలము, మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసిరి. ఎచ్చటను ఎక్కువ కాలము నిలువలేదు. ఒకరి క్రింద ఒదిగియుండు స్వభావము వారిది కాదు. తమ మనసునకు తోచినదానిని పెద్దల యెదుటనైనను చెప్పివేయు అలవాటు వారికి మిత్రులను ఎంతమందిని చేకూర్చెనో, కష్టములను కూడ అన్ని చేకూర్చెను. తుదకు 1919 ప్రాంతమున చీరాల చేరి అచ్చటనే స్థిరపడిరి.

ఆ 1919వ సంవత్సరము దేశమునకు మిక్కిలి దుర్దినములు తెచ్చినది. విచారణ లేకుండ మనుష్యులను చెరలో నుంచుటకు వీలుగా రౌలట్టు చట్టమును ప్రభుత్వమువారు చేసిరి. ఏప్రిలు 13వ తేదీన అమృతసరములోని జలియన్‌వాలా బాగులో ఆయుధములు లేని జనముపై సైనికులు కాల్పులు జరిపి వందలమంది ప్రాణములు తీసిరి. ఈ వార్తలు తెలుగు పల్లెలకును చేరెను. యువకుల గుండెలు మండెను. మండుటలో తప్పేమియు లేదు. ఆ మంటను ఏమి చేయవలెననునదే ప్రశ్న. అంతకు పూర్వమే వంగదేశమున కొందరు యువకులు బాంబుల దారి పట్టి ఉరికంబములెక్కిరి. వారి త్యాగమును కాదనువారు లేరు. కాని ఆ దారిన పదిమంది పోగలరేగాని పదివేలమంది పోలేరు. రైతు, సాలె, వృద్ధుడు, గృహిణి అందరును కలిసి నడువగల దారి కావలెను. అట్టి దారిలో జనము నడుచునప్పుడు త్రోవ తప్పకుండ చూచు కావలివారును కావలెను.

గోపాలకృష్ణయ్యగారు ఈ యవసరమును గుర్తించి చీరాలలో యువజన సేవాదళము నొకదానిని నిర్మించిరి. దానికి రామదండు అని పేరు పెట్టిరి. రామాయణమును భజనలలో, తోలుబొమ్మలాటలలో వినుచు పెరిగిన మన పల్లెవారికి ఆ పేరు వినగనే అర్థమైనది. రాముని దండులో కిరీటములు ధరించినవారు లేరు. రాళ్లు మోసి వారధి కట్టినవారు గలరు. అట్లే ఈ దండులో చేరినవారు కాషాయవస్త్రములు ధరించి, మెడలో మాల వేసికొని, నుదుట సిందూరము దిద్దుకొని, ప్రతిజ్ఞ చేసి సేవకు దిగెడివారు. క్రమముగా వారి సంఖ్య సుమారు వేయివరకు పెరిగెను. జనము గుమిగూడు చోట్ల త్రొక్కిసలాట లేకుండ చూచుట, సభలలో క్రమము నిలుపుట, నాయకుని ఆజ్ఞకు లోబడి నడచుట వారి ముఖ్య ధర్మములు. కోపము వచ్చినప్పుడు చేయి ఎత్తకుండుట అన్నిటికంటె కష్టమైన ధర్మము.

ఈ దళమును నడిపిన తీరు కూడ గమనింపదగినది. గోపాలకృష్ణయ్యగారికి పాట, పద్యము, హాస్యము మూడును సహజముగా అబ్బినవి. అప్పటికప్పుడు చాటువులు చెప్పి సభనంతను నవ్వించెడివారు. నవ్వుచున్న జనము కర్ర ఎత్తదని వారికి తెలియును. చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠియను సంస్థను కూడ స్థాపించి, కవులను, పండితులను, కళాకారులను ఆదరించిరి. రాజకీయములు వేరు, విద్య వేరు అని వారు ఎన్నడును భావింపలేదు. ఇట వేరొక సంగతి మన గ్రంథాలయ పాఠకులు తలచుకొనవలెను. చీరాలకు సమీపముననే గల వేటపాలెములో 1918వ సంవత్సరమున ఒక యువజన సంఘమువారు చిన్న గ్రంథాలయమును నెలకొల్పిరి. అదియే నేటికిని పేరెన్నిక గన్న సారస్వత నికేతనము. 1929లో మహాత్మాగాంధిగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఒకే కాలమున, ఇరుగు పొరుగు ఊళ్లలో, యువకులు ఒకచోట దండుగాను, మరియొకచోట గ్రంథాలయముగాను కూడిరి.

రామదండునకు మొదటి పెద్ద పరీక్ష బెజవాడలో వచ్చెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము అచ్చట జరిగెను. గాంధిగారు మొదలగు దేశనాయకులందరును విచ్చేసిరి. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెననియు, కోటిమంది సభ్యులను చేర్పవలెననియు, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెననియు అచ్చటనే నిశ్చయించిరి. పింగళి వెంకయ్యగారు తాము రూపొందించిన జెండాను గాంధిగారికి అందించినదియు అచ్చటనే. గాంధిగారి దర్శనార్థము నాలుగు దిక్కులనుండి జనము లెక్కకు మించి వచ్చెను. బండ్లపై వచ్చినవారు, రైళ్ల పైకప్పులెక్కి వచ్చినవారు, కాలినడకన వచ్చినవారు వీథులను నింపివైచిరి. అంతటి జనమున ఒక్క వదంతి పుట్టినను, ఒక్క రాయి విసిరినను ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును. రామదండు యువకులు చేతులు పట్టుకొని గోడవలె నిలిచి, దారులిచ్చి, జనమును సర్దిరి. లాఠీలు పట్టిన రక్షకభటులవలన కాగలదని అందరును తలచు పనిని ఉత్తచేతులతో సాధించిరి. గోపాలకృష్ణయ్యగారి కీర్తి నాటినుండి దేశమంతట వ్యాపించెను. ప్రజలు వారిని ఆంధ్రరత్నమని పిలిచి గౌరవించిరి.

రెండవ పరీక్ష స్వంత ఊరిలోనే కాచుకొనియుండెను. చీరాల, పేరాల గ్రామములు నేతపనివారును, రైతులును, చిల్లర వర్తకులును నివసించు ఊళ్లు. జనసంఖ్య పదునైదు వేలకు అటునిటు. పంచాయతీ యూనియనుగా ఉన్నప్పుడు వారు చెల్లించు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919లో ప్రభుత్వమువారు వానిని కలిపి పురపాలక సంఘముగా మార్చిరి. పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. పదింతలైన పన్నునకు తగిన సౌకర్యములు తమకు రావని ప్రజలు మొరపెట్టుకొనిరి. అర్జీలు పంపిరి. ఆ మొర వినబడలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వమువారు జీతమిచ్చి అధికారిని నియమించి సంఘమును నడిపించిరి. పన్ను ఇయ్యనందులకు కొందరిని శిక్షించి చెరకు పంపిరి. వారిలో ఒక స్త్రీయు ఉండెను.

ఇట్టి సమయముననే ఊరు అల్లరిపాలగుట సులభము. ఇంటిలోని సామాను జప్తునకు పోవుచుండగా, కన్నతల్లిని భటులు తీసికొని పోవుచుండగా చూచుచు ఊరకుండుట ఏ యువకునకైనను కష్టము. బెజవాడ సమావేశము ముగిసిన పిదప, 1921 ఏప్రిలు 6వ తేదీన గాంధిగారు చీరాల వచ్చిరి. వారు ఆ ప్రజలకు రెండు మార్గములు చూపిరి. పన్ను నిరాకరించి, వచ్చు కష్టములన్నిటిని తిరుగబడకుండ సహించుట మొదటిది. పురపాలక సంఘపు హద్దులు విడిచి, ఊరు ఊరంతయు బయటికి వెడలిపోవుట రెండవది. ఏది ఎన్నుకొనినను అది తమ సొంత బాధ్యతపై చేయవలెనని, కాంగ్రెసు ధనమును నమ్ముకొనరాదని కూడ వారు తెలిపిరి. మొదటి దారిలో ప్రతిదినమును అధికారులతో ముఖాముఖి తగవు తప్పదు. ఏదో ఒకనాడు ఎవరో ఒకరి సహనము తప్పవచ్చును. రెండవ దారిలో తగవునకు తావే లేదు. కాని ఇల్లు వాకిళ్లు విడువవలెను. గోపాలకృష్ణయ్యగారును, చీరాల ప్రజలును రెండవ దారినే పట్టిరి.

ఆ యేటి మండువేసవిలో చీరాల, పేరాలవాసులు ఇండ్లకు తాళములు వేసి బయలుదేరిరి. పదునైదు వేలమందిలో పదమూడు వేలకు పైగా ఊరు విడిచిరని చరిత్ర చెప్పుచున్నది. మగ్గములు బండ్లకెక్కెను. ముసలివారిని మంచములపై మోసిరి. బాలింతలు, పసిపాపలు, పశువులు అందరును హద్దులు దాటి ఇసుక నేలలలో తాటియాకు పాకలు వేసికొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. ఒక ప్రభుత్వముపై అలిగి ఊరంతయు ఇట్లు లేచిపోవుట తెలుగుదేశమున మునుపెన్నడును విననిది. దేశమంతయు విస్తుపోయి చూచెను.

రామనగరమున క్రమమును కాపాడు భారము రామదండు యువకులపై పడెను. అచ్చట పోలీసు లేదు, న్యాయస్థానము లేదు. అయినను వేలమంది ప్రక్కప్రక్కన పాకలలో కాపురముండగా నీటికొరకు, నేలకొరకు, నిప్పుకొరకు తగవులు రాక మానవు. వానిని తీర్చుకొనుటకు తమ పంచాయతీని తామే ఏర్పరచుకొనిరి. వివిధ కులములవారు ఒకేచోట, ఒకే విధమైన పాకలలో, ఒకే కష్టమును పంచుకొనిరి. ఎండ పోయి వాన వచ్చెను. వాన పోయి చలి వచ్చెను. పదునొకండు మాసములు ఆ జనము అట్లే నిలిచిరి. ప్రభుత్వముపై వారికి గల కోపము చిన్నది కాదు. కాని ఆ కోపమును కర్రలుగా మార్చుకొనక, ఓర్పుగా మార్చుకొనిరి.

ఇంతలో నాయకుడు దూరమయ్యెను. ఆ 1921లోనే గోపాలకృష్ణయ్యగారు గంజాము ప్రాంతపు బరంపురమునకు పోయియుండగా, సభలో మాటలాడరాదని ప్రభుత్వమువారు ఆజ్ఞ యిచ్చిరి. వారు ఆజ్ఞను మీరి మాటలాడి, ఒక సంవత్సరము చెరసాల శిక్షను నిశ్శబ్దముగా స్వీకరించిరి. తిరుచిరాపల్లి కారాగారమున ఆ కాలము గడచెను. ఇచట రామనగరమున ధనము తరిగెను. నేతపనులు సన్నగిల్లెను. పాకలు శిథిలమయ్యెను. రోగములును, ఆకలియు బాధించెను. తుదకు 1922 తొలి మాసములలో జనము ఒకరి వెనుక నొకరు పాత ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము తొలగలేదు. ప్రజలు పన్ను చెల్లింపక తప్పలేదు.

ఇది ఓటమియా అని మన యువకులు అడుగవచ్చును. పన్ను మాటకు వచ్చినచో ఓటమియే. దానిని దాచిపెట్టుట చరిత్రకు న్యాయము కాదు. ఒకే వ్యక్తి ప్రతిభపై నిలిచిన ఉద్యమము ఆ వ్యక్తి చెరకు పోయినంతనే తడబడినదని కూడ ఒప్పుకొనవలెను. గోపాలకృష్ణయ్యగారు యువకులకు నియమమును నేర్పిరి. కాని తాము లేనప్పుడు పగ్గములు పట్టగల రెండవవరుస నాయకులను తగినంతమందిని తయారుచేయుటకు వారికి వ్యవధి లేకపోయెను. చీరాల ప్రజలు దీనికి చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఇండ్లు పాడుపడినవారు, బ్రతుకుతెరువు చెడినవారు ఎందరో ఉండిరి.

అయినను ఆ సంవత్సరపు మరియొక సంఘటనతో దీనిని పోల్చి చూడవలెను. 1922 ఫిబ్రవరి 4వ తేదీన ఉత్తరదేశమున చౌరీచౌరాలో పోలీసులు కాల్పులు జరుపగా, కోపోద్రిక్తమైన గుంపు ఠాణాకు నిప్పుపెట్టి ఇరువదిఇద్దరు పోలీసులను చంపెను. గాంధిగారు దేశవ్యాప్త సహాయనిరాకరణ ఉద్యమమునే నిలిపివేసిరి. ఒక్క ఊరిలో కట్ట తెగుటవలన దేశమంతటి శ్రమయు నిలిచిపోయెను. ఆ గుంపులో పలువురు ఉరికంబమెక్కిరి, ఇంకను పలువురు ద్వీపాంతరవాసము పాలైరి. చీరాలకు మరలిన యువకులు ధనము పోగొట్టుకొనిరిగాని, మనుష్యుని చంపిన పాపమును మోయలేదు. తమ తల్లులకు కడుపుకోత మిగుల్చలేదు. మరల ఎనిమిదేండ్లకు, ఇరువదేండ్లకు ఉప్పు సత్యాగ్రహమువంటి పిలుపులు వచ్చినప్పుడు తలయెత్తుకొని నిలువగల ఊరుగా చీరాల మిగిలెను.

చీరాలలో నాటిన విత్తనము అచ్చటనే ఎండిపోలేదు. 1922 ప్రారంభమున అదే గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు పన్నుల నిరాకరణ జరిపిరి. అచ్చటి యువకులు వేలసంఖ్యలో శాంతిసేనగా ఏర్పడిరి. సైనికులను ఊళ్లగుండ నడిపించి భయపెట్టినను, ఆస్తులు జప్తుచేసినను, జనము రెచ్చిపోకుండ ఆ సేన కాపాడెను. ఆ సేన పేరే దాని పనిని చెప్పుచున్నది.

చెరనుండి విడుదలయైన గోపాలకృష్ణయ్యగారు ఊరక కూర్చుండలేదు. కాంగ్రెసు పనిలో మరల నిమగ్నులైరి. 1923లో అఖిల భారత కాంగ్రెసు సంఘ కార్యదర్శులలో ఒకరుగా పనిచేసిరి. సాధన యను పత్రికను నడిపిరి. శాసనసభలలో ప్రవేశించి పోరాడవలెనను స్వరాజ్యపక్షమువారితో కలిసి నడచిరి. వచ్చినదంతయు సంస్థలకు, అతిథులకు వ్యయపరచుటయే గాని తమకొరకు దాచుకొనుట వారు ఎరుగరు. దారిద్ర్యము ఇంటిలో కాపురముండెను. క్షయవ్యాధి సోకెను. 1928వ సంవత్సరము జూను 10వ తేదీన, ముప్పదితొమ్మిదవ యేట, ఆంధ్రరత్నము అస్తమించెను. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము వారి పేరుతోనే నిలిచియున్నది.

ఈ కథ ఇప్పుడెందుకని యడుగువారికి ఒక మాట. గోపాలకృష్ణయ్యగారి దండులోని యువకులకు ఓటు లేదు. దేశము స్వతంత్రమై, రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు ఇరువదియొకటవ యేట ఓటు వచ్చెను. 1989లో, అనగా వారి శతజయంతి సంవత్సరమున, రాజ్యాంగమును సవరించి పదునెనిమిదవ యేటనే ఓటునిచ్చిరి. చేతిలో ఓటు లేనివారు చేయి ఎత్తకుండ నిలువగలిగిరి. ఓటున్న మనము ఎంత నిలుకడగా నుండవలెనో యోచింపవలెను. ఇరుగుపొరుగు దేశముల సంగతి చూడుడు. 2022లో శ్రీలంకలో, 2024లో బంగ్లాదేశములో యువజనులు వీథులకెక్కగా ప్రభుత్వములు కూలినవి. వారి కోపమునకు కారణములు లేకపోలేదు. కాని బంగ్లాదేశమున వందలమంది ప్రాణములు పోయినవి. ఓటుతో ప్రభుత్వములను మార్చుకొను అలవాటు ఎంత విలువైనదో, అది చెడిన చోట్లను చూచినప్పుడు తెలియును.

దేశపు నిలకడ రాజధానిలో మాత్రమే నిర్ణయమగునది కాదు. గ్రామ పంచాయతీ ఎన్నిక వచ్చినప్పుడు రచ్చబండ దగ్గర దాని పరీక్ష జరుగును. మన కరవునేలలో వాన కొరత యున్నదిగాని పౌరుషమునకు కొరత లేదు. ఎన్నికల వేళ పెద్దల పాతపగలకు కుర్రవాండ్రు కర్రలుగా మారుట మన పల్లెలు ఎరుగని విషయము కాదు. కర్ర పట్టించినవారు సాయంకాలమునకు రాజీపడుదురు. కేసు మాత్రము కుర్రవానిపై మిగులును, పొలము అమ్మి వకీళ్లకు ధారపోయుట అతని తండ్రిపై మిగులును. దీనిని ఆపుటకు గొప్ప సిద్ధాంతములు అవసరములేదు. రెండు పక్షముల యువకులును నడువలేని వృద్ధులను ఓటు వేయు చోటికి చేర్చుట, వదంతి వినినప్పుడు నిజము విచారించువరకు ఇతరులకు పంపకుండుట, ఓడినవాని ఇంటి యెదుట బాణసంచా కాల్చకుండుట, ఇంతమాత్రము చేసినను రామదండు పని చేసినట్లే.

ఆ పనికి గ్రంథాలయము అనువైన చోటు. ఇచ్చట ఒకే బల్లయొద్ద, ఒకే పత్రికను, వేర్వేరు పక్షములవారు కూర్చుండి చదువుదురు. పత్రిక చేతులు మారునప్పుడు పక్షమడిగి ఇచ్చువారు లేరు. రామదండు తన నాయకుడు దూరమైనంతనే చెదరిపోయెను. గ్రంథాలయము మాత్రము ఒక్క మనిషిపై నిలువదు. నిర్వాహకులు మారుదురు, పాఠకులు మారుదురు, పుస్తకములు నిలుచును. గోపాలకృష్ణయ్యగారికి వ్యవధి చాలక మిగిలిపోయిన పని, అనగా నాయకుడు లేనప్పుడును నియమము తప్పని యువకులను తయారుచేయు పని, ఇట్టి చోటులవలననే నెరవేరగలదు.

ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయమును పెంచిన పెద్దలకు మన ఋణమును తీర్చు మార్గము కూడ ఇదియే. రాబోవు ఇరువదియైదేండ్లలో ఇచ్చట చదువుకొను బాలబాలికలు కంభము చెరువు కట్టవలె దృఢముగా నిలిచి, తమ బలముతో ఊరిని పండింతురుగాక యని కోరుచు, ఆంధ్రరత్నమునకు నమస్కరించి విరమించుచున్నాను.